పై గదికి వైఫై అందడం లేదు, మెష్ కొంటే సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రెండంతస్తుల ఇల్లు, కింద హాల్లో ఓ మూల రౌటర్, 300 ఎంబీపీఎస్ లైన్. రౌటర్ ఉన్న గదిలో 280 దాకా వస్తోంది. పైన వెనక గదిలో 5 కూడా దాటట్లేదు, వీడియో కాల్ మధ్యలో తెగిపోతోంది. ఒక ఎక్స్‌టెండర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే డబ్బా) కొని ఆ గదిలోనే ప్లగ్‌కి పెట్టారు. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తున్నాయి గానీ స్పీడు మాత్రం అక్కడే ఉంది. ఇప్పుడు మూడు డబ్బాల మెష్ సెట్, అంటే ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే వైఫై డబ్బాల సెట్, కొందామా అని ఆలోచిస్తున్నారు.

కొనొచ్చు. మెష్ పనికిరానిదేం కాదు, మా ఇంట్లోనూ కొన్నేళ్లుగా అదే నడుస్తోంది. కానీ ఎక్స్‌టెండర్ పెట్టిన చోటే మెష్ డబ్బా కూడా పెడితే డబ్బా మారుతుంది, బాధ మారదు. పైగా మీకు మూడు అక్కర్లేదని నా అనుమానం. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ నిండు గీతల సంగతి. ఫోన్ చూపించే గీతలు ఫోన్‌కీ, దానికి దగ్గర్లో ఉన్న డబ్బాకీ మధ్య సిగ్నల్‌వి మాత్రమే. ఆ డబ్బాకి కింద రౌటర్ నుంచి ఏ మాత్రం అందుతోందో ఫోన్‌కి తెలియదు. మీ ఎక్స్‌టెండర్ మీ పక్కనే ఉంది, అందుకే గీతలు నిండాయి. అయితే అది కూర్చున్నది కూడా సిగ్నల్ రాని గదిలోనే కదా! దాని యాంటెనా ఫోన్ కంటే కాస్త మెరుగేమో గానీ, ఫోన్‌కి అందనిది దానికి మాత్రం ఎంతని అందుతుంది? బావిలో నీళ్లుంటేనే చేదలోకి వచ్చేది.

ఈ పొరపాటు నేనూ చేశాను. మొదటిసారి రెండు డబ్బాల మెష్ తెచ్చుకున్నప్పుడు, రెండోదాన్ని తిన్నగా తీసుకెళ్లి అసలు సిగ్నల్ రాని గదిలో నా టేబుల్ మీదే పెట్టాను. లైటు పచ్చగా వెలిగింది, గీతలు నిండాయి, పనైపోయిందని సంబరపడ్డాను. సాయంత్రం మీటింగ్‌లో నా మొహం ఫొటోలా నిలిచిపోయింది. వారం పాటు లైన్ ఇచ్చినవాళ్లని తిట్టుకున్నాను. ఓ రోజు గది తుడుస్తూ ఆ డబ్బాని గుమ్మం బయట స్టూల్ మీద పెట్టి, మళ్లీ లోపల పెట్టడం మర్చిపోయాను. ఆ రోజు కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. జరిగిన దూరం నాలుగడుగులు. కాకపోతే ఆ నాలుగడుగుల మధ్యలో ఒక గోడ ఉంది.

అందుకే కొత్తది ఏదీ కొనకుండా మీరు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఎక్స్‌టెండర్‌ని పై గదిలోంచి పీకి, మెట్లు మలుపు తిరిగే చోట పెట్టండి. అక్కడ ప్లగ్ పాయింటు లేకపోతే ఓ రోజుకి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగండి, ఎవరూ తట్టుకుని పడకుండా చూసుకోండి. తర్వాత పై గదిలో కూర్చుని స్పీడు చూడండి. గీతలు ఒకటో రెండో తగ్గుతాయి, స్పీడు మాత్రం పెరుగుతుందని నా అంచనా. పెరిగితే మీ ఇంట్లో మెష్ డబ్బాకి సరైన చోటు ఎక్కడో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోయినట్టే. ఏమీ మారకపోతే సిగ్నల్ అక్కడికి కూడా సరిగ్గా రావట్లేదని అర్థం, దాని సంగతి కింద చెప్తాను.

గీతల్ని నమ్మకుండా అంకె చూడటం అలవాటు చేసుకోండి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, అది మైనస్ అంకె. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. రౌటర్ పక్కనే నిలబడితే -30, -40 ఉంటుంది. -67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు. -70 దాటాక నసుగుడు మొదలవుతుంది, -80 దగ్గర మెసేజ్ వెళ్లడమే గొప్ప. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ అంకెలు మామూలు లెక్క ప్రకారం నడవవు. 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతుకి పడిపోయినట్టు. -60కీ -80కీ తేడా ఏదో ఇరవై అనిపిస్తుంది గానీ నిజానికి వంద రెట్లు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ వైఫై ఎనలైజర్ యాప్ వేసుకున్నా ఈ అంకె కనిపిస్తుంది. ఐఫోన్‌లో మామూలు యాప్‌లకి అది చూసే వీలుండదు. మ్యాక్ ఉంటే ఆప్షన్ మీట నొక్కిపట్టి పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి, ఆర్ఎస్ఎస్ఐ అన్న వరసలో ఉంటుంది.

ఆ యాప్ తెరిచి పట్టుకుని రౌటర్ దగ్గర్నుంచి పై గది దాకా నెమ్మదిగా నడవండి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, నాలుగైదు సెకన్లు చూసి, కాగితం మీద రాసుకోండి. నడుస్తూ ఉంటే అంకె ఒక్కో చోట ధభీమని పడిపోతుంది. మొదటి గోడకి ఐదారు, మెట్లెక్కుతుంటే ఇంకొంచెం, పైన గది తలుపు వేయగానే మరికొంచెం. ఒక అద్దాల బీరువా పక్కనుంచి వెళ్లినప్పుడు అకారణంగా పది తగ్గడం నేను చూశాను. అకారణంగా అని అప్పుడు అనుకున్నాను, అద్దం వెనక ఉండే లోహపు పూత గుర్తు రాలేదు. ఇనుప బీరువా, ఫ్రిజ్, చేపల తొట్టె, నీళ్ల ట్యాంకు కూడా అదే బాపతు. లోహం సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్లాబు మామూలు ఇటుక గోడ కంటే చాలా గట్టి అడ్డు. మీ ఇంట్లో కింద నుంచి పైకి వెళ్లే సిగ్నల్ స్లాబులోంచి కంటే మెట్ల ఖాళీలోంచే ఎక్కువగా పాకుతూ ఉంటుంది.

ఇదంతా చేసే ముందే తప్పు వైఫైదేనని తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, వైఫై ఆపేసి స్పీడు చూడండి. మీకు రౌటర్ గదిలో 280 వస్తోంది కాబట్టి లైన్ బాగానే ఉన్నట్టుంది. కాకపోతే రాత్రి అందరూ ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఒకసారి చూడండి. కేబుల్ మీదే 40 వస్తుంటే ఎన్ని మెష్ డబ్బాలు పెట్టినా ఆ 40నే ఇల్లంతా పంచిపెడతాయి.

రెండోది, రౌటర్ మూలన ఉందన్నారు. మూలన పెట్టిన రౌటర్ సగం సిగ్నల్‌ని పక్కింటికీ వీధికీ దానం చేస్తుంది. ఫైబర్ వైరు అక్కడికే వచ్చింది, నిజమే, కానీ ఫైబర్ డబ్బాని అక్కడే ఉంచి, రౌటర్‌ని మాత్రం ఓ పొడవాటి ఈథర్నెట్ కేబుల్‌తో ఇంటి మధ్యకి తేవచ్చు. రెండూ ఒకే డబ్బాలో ఉంటే ఈ వీలు లేదు, అప్పుడు మెష్‌లో మొదటి డబ్బాని ఆ కేబుల్ చివర పెట్టాలి. టీవీ వెనక, చెక్క అరలో, నేల మీద ఉంటే మాత్రం ముందు బయటికి తీసి ఎత్తులో పెట్టండి. కొన్నిళ్లలో కథ ఇక్కడే ముగిసిపోతుంది. మీ ఇంట్లో ముగియకపోవచ్చు, మధ్యలో స్లాబు ఉంది.

ఇప్పుడు మెష్ అంటే ఏమిటో. ఎక్స్‌టెండర్ వచ్చిన సిగ్నల్‌ని పట్టుకుని మళ్లీ అరుస్తుంది. రౌటర్‌కి దాని గురించి పెద్దగా తెలియదు, దానికి రౌటర్ గురించి తెలియదు. మెష్‌లో డబ్బాలన్నీ ఒకే కుటుంబం. ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్, ఒకటే యాప్. ఏ ఫోన్ ఎవరి దగ్గర ఉందో, ఎవరి ద్వారా వెళ్తే దారి బాగుందో ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఈరో, గూగుల్ వైఫై, ఆర్బీ లాంటివి 2016లో వచ్చాకే ఇళ్లలో ఈ మాట పాకింది, అంతకుముందు ఈ తరహా ఏర్పాట్లు ఆఫీసుల్లోనే ఎక్కువ. వాటి తెలివితేటలు నిజమే గానీ, ప్రకటనల్లో చూపించినట్టు గోడలు మాయమైపోవు. డబ్బాకీ డబ్బాకీ మధ్య కబురు ఎలా వెళ్తుందన్నదే అసలు విషయం. దాన్నే బ్యాక్‌హాల్ అంటారు. కొనేముందు అందరూ డబ్బా మీది పెద్ద అంకె చూస్తారు, బ్యాక్‌హాల్ గురించి అడిగేవాళ్లు పదిమందిలో ఒక్కరు.

వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. రెండో డబ్బా రౌటర్ నుంచి డేటా తీసుకునేదీ, మీ ఫోన్‌కి ఇచ్చేదీ ఒకే రేడియో మీద అయితే అదే డేటా గాల్లో రెండుసార్లు ప్రయాణం చేయాలి. తీసుకునేటప్పుడు ఇవ్వలేదు, ఇచ్చేటప్పుడు తీసుకోలేదు. కాబట్టి ఎంత బాగా పెట్టినా స్పీడు సగానికి పడుతుంది. దాని వెనక మూడోది పెట్టి, అది రెండోదాని దగ్గర తీసుకుంటుంటే మూడో వంతు. గొలుసు పెరిగేకొద్దీ ఆలస్యం కూడా పెరుగుతుంది. మూడు డబ్బాలు వద్దన్నది ఇందుకే.

సగమైపోతుందని కంగారు పడక్కర్లేదు. రెండు డబ్బాల మధ్య 500 నడిచే చోటు దొరికితే, సగం పోయినా 250 మిగులుతుంది, మీ లైన్‌కి అది దాదాపు నిండు. అదే మధ్యలో 40 మాత్రమే నడుస్తుంటే చివరికి 20. అందుకే చోటు మీద ఇంత గొడవ. ట్రైబ్యాండ్ అని అమ్మే సెట్లలో మూడో రేడియోని డబ్బాల మధ్య మాటలకే కేటాయించే ఏర్పాటు ఉంటుంది. అప్పుడు తీసుకోవడం ఒక రేడియో మీద, ఇవ్వడం ఇంకో రేడియో మీద, సగం కోత తప్పుతుంది. వైర్‌లెస్ మీదే నడపాల్సి వస్తే ఈ మూడో రేడియోకి డబ్బు పెట్టడం దండగ కాదు.

అయితే వీటన్నిటికంటే మెరుగైనది పాతకాలపు కేబుల్. రెండు డబ్బాల్నీ ఈథర్నెట్ కేబుల్‌తో కలిపితే గాలిలో ఒక్క ఛానెల్ కూడా ఆ పనికి ఖర్చు కాదు. క్యాట్5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. క్యాట్6 వేయిస్తే ఇంకా మంచిది. కేబుల్ ఉంటే పై డబ్బాని మెట్ల దగ్గర కాకుండా మీకు కావాల్సిన గదిలోనే పెట్టుకోవచ్చు, డబ్బాని రౌటర్‌కీ గదికీ మధ్యలో పెట్టాలన్న ‘సగం దారి’ సూత్రం వైర్‌లెస్‌కే. గోడలో పైపు ఖాళీగా ఉందేమో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. లేకపోతే మెట్ల పక్కన గోడ అంచున తెల్లటి కేసింగ్‌లో తీసుకెళ్లొచ్చు. చూడ్డానికి బాగోదని ఇంట్లో అంటారు, నాకూ అన్నారు. రెండు వారాలయ్యాక ఎవరికీ కనిపించదు. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని దూర్చకండి, అది ప్రమాదం.

కేబుల్ విషయంలో మా ఇంట్లో జరిగిన తమాషా ఒకటి చెప్పాలి. కేబుల్ వేయించాక పైన స్పీడు 94 వచ్చింది. మళ్లీ చూస్తే 93, ఇంకోసారి 94. అంతకు ముందు గాల్లో 130 వచ్చేది! మెష్ బాగాలేదనుకున్నాను, రీసెట్ చేశాను, ఫర్మ్‌వేర్ మార్చాను, ఆదివారమంతా పోయింది. అంకె ఊగిసలాడకుండా 94 దగ్గర బిగుసుకుపోయిందంటే అది వైఫై గుణం కాదని తట్టడానికి అంత సేపు పట్టింది. ఈథర్నెట్ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒక్కటి సరిగ్గా తగలకపోయినా రెండు కొసల్లోని పోర్టులు మాట్లాడుకుని మెల్లగా 100కి దిగిపోతాయి, మనకి చెప్పవు. వెళ్లి కొసన కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూస్తే, గోధుమరంగు తీగ ఒకటి చివరిదాకా రాకుండా వెంట్రుకవాసి వెనకే ఆగిపోయింది. కోసి మళ్లీ క్రింప్ చేస్తే 280. మీరు కేబుల్ వేయిస్తే, మనిషి వెళ్లిపోకముందే ల్యాప్‌టాప్ పెట్టి లింక్ స్పీడు 1 జీబీపీఎస్ చూపిస్తోందో లేదో అక్కడే చూసుకోండి.

కేబుల్ కుదరకపోతే, టీవీ కోసం వేసిన కోయాక్సియల్ వైరు రెండు అంతస్తుల్లోనూ ఉంటే, ఆ వైరు మీద డేటా పంపే మోకా అడాప్టర్లు పనికొస్తాయి. కరెంటు తీగల మీద డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు ఒక ఇంట్లో బాగా పనిచేసి ఇంకో ఇంట్లో ఏడిపిస్తాయి. వెనక్కి ఇచ్చేసే వీలుంటేనే తీసుకోండి.

వైర్‌లెస్‌లోనే వెళ్తారనుకుందాం. రెండో డబ్బా పెట్టే చోట రౌటర్ సిగ్నల్ 5 గిగాహెర్ట్జ్‌లో -60, మహా అయితే -65 ఉండాలి. వైఫై ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది. 5 అని ఎందుకంటున్నానంటే, 2.4 గోడల్లోంచి ఎక్కువ దూరం వెళ్తుంది, ఆ అంకె చూసి మోసపోతారు. స్పీడు మోసేది 5. మీ ఇంటికి నా మొదటి ఓటు మెట్ల మలుపుకి, రెండోది మెట్లెక్కగానే వచ్చే చోటికి. నేల మీద కాదు, ఛాతీ ఎత్తులో. గోడ గూట్లో లోపలికి తోయకండి. చుట్టూ జానెడు ఖాళీ వదలండి, గాలి కూడా ఆడాలి, ఈ డబ్బాలు వేడెక్కుతాయి. చాలా యాప్‌లలో రెండో డబ్బాకి కనెక్షన్ బాగుంది, బాగోలేదు అని చూపించే పేజీ ఉంటుంది. అది ‘బాగుంది’ అన్నా నమ్మకుండా, పై గదిలో కూర్చుని రౌటర్‌కి పింగ్ కొట్టండి, అంటే చిన్న సందేశం పంపి బదులు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. చిరునామా 192.168.1.1 లాంటిది, మీ రౌటర్ వెనక రాసి ఉంటుంది. అంకెలు 5, 6, 8 మిల్లీసెకన్లు ఇలా వస్తుంటే హాయిగా ఉండండి. మధ్యమధ్యలో 200, 400 అని ఎగురుతుంటే సరిగ్గా అప్పుడే మీ కాల్లో గొంతు రోబోలా మారేది. వెంటనే డబ్బాని ఓ రెండడుగులు జరిపి మళ్లీ చూడండి. స్పీడ్‌టెస్ట్ కంటే ఈ పింగే నిజం చెబుతుంది.

డబ్బాలు ఎక్కువైతే ఏం నష్టం, సిగ్నల్ ఇంకా బాగుంటుంది కదా అని అడగొచ్చు. ఫోన్ ఏ డబ్బాని పట్టుకోవాలో నిర్ణయించేది ఫోనే, మెష్ కాదు. మెష్ సలహా ఇస్తుంది, అంతే. ఆ సలహాలకోసమే 802.11కె, వి, ఆర్ అనే ఏర్పాట్లున్నాయి. ఒకటి పక్కన ఎవరున్నారో చెబుతుంది, ఒకటి అటు వెళ్లమంటుంది, ఒకటి మారేటప్పుడు పాస్‌వర్డ్ తతంగాన్ని కుదిస్తుంది. కానీ ఫోన్ తన సిగ్నల్ బాగుందనుకుంటే కదలదు. ఐఫోన్ అయితే -70 దాకా పడిపోయాకే వేరే డబ్బా కోసం వెతకడం మొదలుపెడుతుంది. కింద డబ్బా సిగ్నల్ పై గదిలో -66 ఉందనుకోండి, మీరు మెట్లెక్కి పై డబ్బా పక్కన కూర్చున్నా ఫోన్ కింద దాన్నే పట్టుకు వేలాడుతుంది. చిన్న ఇంట్లో మూడు డబ్బాలు కుక్కితే ఈ జిగురు రోగం ఎక్కువవుతుంది. పైగా మూడూ ఒకే ఛానెల్ మీద ఉంటే ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి. రెండింటితో మొదలుపెట్టండి. చాలకపోతే మూడోది తర్వాత కొనుక్కోవచ్చు, చాలా కంపెనీలు విడిగా కూడా అమ్ముతాయి.

సెట్టింగుల్లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి రెండు మూడే. మీ పాత రౌటర్ వెనక మెష్‌ని అలాగే తగిలిస్తే రెండూ రౌటర్ పనే చేస్తాయి, దీన్ని డబుల్ న్యాట్ అంటారు. వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి కాబట్టి తేడా తెలియదు. తర్వాత ఎప్పుడో ప్రింటర్ కనిపించదు, ఆన్‌లైన్ గేమ్ కనెక్ట్ అవదు, కెమెరా బయట నుంచి తెరుచుకోదు, అప్పుడు తలపట్టుకుంటారు. పాతదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని అలాగే దాటించే మోడ్) పెట్టండి, లేదా మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇచ్చే మోడ్) పెట్టండి. రెండిట్లో ఒకటే చేయాలి. రెండోది తేలిక, కాకపోతే కొన్ని మెష్‌లలో పిల్లల కంట్రోల్ లాంటి సౌకర్యాలు ఆ మోడ్‌లో పనిచేయవు. ఏది చేసినా పాత రౌటర్ వైఫైని ఆపేయడం మర్చిపోకండి, లేకపోతే అది కొత్తవాటి మధ్య దూరి అరుస్తూనే ఉంటుంది. ఆ ఎక్స్‌టెండర్‌ని కూడా పీకేయండి.

మెష్‌కి మీ పాత వైఫై పేరు, పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, బల్బులు చాలావరకు వాటంతటవే వచ్చి కలుస్తాయి, ఒక్కోదాని దగ్గరకి వెళ్లి తిప్పలు పడక్కర్లేదు. స్మార్ట్ బల్బులు, ప్లగ్‌ల వంటివి చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. కొత్తగా జత చేసేటప్పుడు మొండికేస్తే, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన మోడ్‌కి మార్చండి. 2.4లో ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఇక్కడ 40 పెట్టి బాగుపడినవాళ్లని నేను చూడలేదు. మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తున్నప్పుడే నెట్ పోతుంటే ఆశ్చర్యపోకండి, అది కూడా ఈ 2.4 దగ్గరే పనిచేస్తుంది.

ఇంకోటి, రోజులో ఒకటి రెండు సార్లు పై డబ్బా ఓ నిమిషం మాయమై తిరిగొస్తుంటే డీఎఫ్ఎస్ ఛానెళ్లని అనుమానించండి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలితే రౌటర్ మర్యాదగా తప్పుకోవాలి, అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళ్లాలంటే కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి. 36 నుంచి 48 మధ్య ఛానెల్, వెడల్పు 80 మెగాహెర్ట్జ్ మించకుండా పెడితే ఈ బెడద ఉండదు. కొన్ని మెష్‌లలో ఛానెల్ మార్చే వీలే ఇవ్వరు. కొనేముందు యాప్ గురించి రాసిన రివ్యూలు చదవమనేది ఇలాంటివాటికే.

ఏది కొనాలన్న దానికి బ్రాండ్ పేరు చెప్పను, మోడళ్లు ఆరు నెలలకోసారి మారుతుంటాయి. డబ్బా మీది పెద్ద అంకెని మాత్రం నమ్మకండి. ఏఎక్స్3000 అని ఉంటే మీ ఫోన్‌కి 3000 వస్తుందని కాదు. 2.4లో 574, 5లో 2402, రెండూ కలిపి 2976, దాన్ని గుండ్రం చేసి 3000 అన్నారు. ఫోన్ మామూలుగా ఒకసారి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. ఆ 2402 కూడా ఛానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉంటేనే, 80 అయితే 1201. అవన్నీ కాగితం మీది లెక్కలు, ఎదురుగా కూర్చున్నా అందులో సగమో కాస్త ఎక్కువో చేతికొస్తుంది. మీ 300 లైన్‌కి వైఫై 6 తరం సెట్టు చాలు. వైఫై 7 వద్దనను. అందులో డబ్బాలు ఒకేసారి రెండు బ్యాండ్ల మీద మాట్లాడుకునే ఏర్పాటుంది, బ్యాక్‌హాల్‌కి మంచిదే. కానీ దాని గొప్పల్లో పెద్దదైన 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడల దగ్గర 5 కంటే కూడా సుకుమారం. ఒకే గదిలో అద్భుతం, స్లాబు దాటాలంటే చతికిలపడుతుంది. అది అన్ని దేశాల్లోనూ ఒకేలా అనుమతించింది కూడా కాదు.

నేనైతే చూసేవి ఇవి: ప్రతి డబ్బాకీ కనీసం రెండు గిగాబిట్ పోర్టులు ఉన్నాయా, కేబుల్ బ్యాక్‌హాల్ ఒప్పుకుంటుందా, కేబుల్ లేకపోతే మూడో రేడియో ఉందా, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారు. కొన్ని చవక సెట్లలో రెండో డబ్బాకి పోర్టే ఉండదు, రేపు కేబుల్ వేయిద్దామనుకున్నా దారి మూసుకుపోతుంది. వేర్వేరు కంపెనీల డబ్బాలు కలిసి పనిచేయాలని 2018లో ఈజీమెష్ అని ఒక ప్రమాణం తెచ్చారు. పెట్టె మీద ఆ గుర్తున్నా అన్ని సౌకర్యాలూ కలిసొస్తాయన్న నమ్మకం పెట్టుకోకండి, ఒకే కంపెనీ ఒకే సిరీస్ తీసుకుంటే తలనొప్పి తక్కువ. నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు ఉన్న చోట కొనండి, ఎందుకంటే మీ స్లాబు ఎంత మింగుతుందో ఏ స్పెసిఫికేషన్ కాగితమూ చెప్పలేదు.

కాబట్టి ఈ వారాంతం ఎక్స్‌టెండర్‌ని మెట్ల మలుపులో పెట్టి, పై గదిలో స్పీడు, పింగ్ రెండూ చూడండి. ఆ మలుపులోనే నిలబడి రౌటర్ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఎంతుందో కూడా రాసుకోండి. అది -65 కంటే మెరుగ్గా ఉంటే రెండు డబ్బాల సెట్టు తెచ్చుకుని ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి అక్కడ పెట్టేయండి. -72, -75 అని వస్తే మెష్ సంగతి పక్కన పెట్టి ముందు కేబుల్ ఏ దారిన పైకి వెళ్తుందో చూడాలి. ఆ అంకె, ఇంటి ప్లాన్ ఓ కాగితం మీద గీసింది పెట్టండి, కేబుల్ దారి నేను కూడా చూసి చెబుతాను.